కిందికి జారిన దూరం

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు గంటకు పైగా పట్టే విమాన ప్రయాణం ఎనిమిది నిమిషాలకు తగ్గిన రోజున మందాకిని ఆ విమానంలోనే ఉంది. విమానం సముద్రం మీద ఒక చుట్టు తిరిగి పడమటి వైపు మళ్ళింది. కిటికీలోంచి కొండలు కనిపించాయి. అంతలో ఆ కొండలన్నీ ఒకదాని మీదికి ఒకటి జరిగినట్టయి, పచ్చదనమంతా ఒక్క గీతలా మారిపోయింది. చెవులు దిబ్బడ వేశాయి. పక్కసీటు పెద్దాయన పత్రిక మొదటి పేజీ చదవడం పూర్తి కాకముందే దిగబోతున్నామని ప్రకటన వినిపించింది. ఆయన నమ్మలేక కిటికీకి ముఖం ఆనించి చూశాడు. కింద హైదరాబాదు శివార్ల బండరాళ్ళ గుట్టలు. ప్రయాణికులంతా చప్పట్లు కొట్టారు. మందాకిని కొట్టలేకపోయింది. చదువు ముగిసిన నాటి నుంచీ ఆమె చేసిన పనంతా ఈ ఎనిమిది నిమిషాల కోసమే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

ఆమె పనిచేసే ఆకాశమార్గ పరిశోధనశాల విశాఖలో, సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఉంది. అక్కడివాళ్ళు కొత్త విమానమేమీ తయారు చెయ్యలేదు. విమానం పాతదే, దాని వేగమూ పాతదే. రెండు ఊళ్ళ దగ్గరా నిలబెట్టిన రెండు స్తంభాలు కలిసి, వాటి నడుమ ఉన్న ఆకాశాన్ని కుదించేవి. విమానం దాటాల్సిన దూరమే తగ్గిపోయేది.

పరిశోధనశాల డైరెక్టరు భూషణరావుగారు విలేకరుల ముందు తన భుజం మీది కండువా తీసి బల్ల మీద పరిచారు. రెండు కొసలనూ దగ్గరికి నెట్టారు. మధ్యలో బట్ట ముడతపడి పైకి లేచింది.

"ఇంతే. ఈ కొస విశాఖ, ఆ కొస హైదరాబాదు. మా విమానం ముడత ఎక్కి దిగదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటేస్తుంది."

"మరి ఆ ముడతలో ఉన్న దూరం ఎక్కడికి పోతుందండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"పైకి పోతుంది. అంతరిక్షంలో బోలెడంత ఖాళీ ఉంది కదా, అక్కడ ఇంకాస్త దూరం పెరిగితే ఎవరికి నష్టం?"

అందరూ నవ్వారు. లెక్కలు వేసింది మందాకిని. ఆ లెక్కల ప్రకారం ముడత పైకీ లేవవచ్చు, కిందికీ దిగవచ్చు. పైనున్నది ఖాళీ, కిందున్నది బరువైన నేల. కాబట్టి పైకే లేస్తుందని అందరిలాగే ఆమె కూడా అనుకుంది. పరికరాలన్నిటినీ ఆకాశం వైపు తిప్పి పెట్టారు. నేల వైపు ఒక్కటీ పెట్టలేదు.

మందాకినికి ఉన్న అయినవాళ్ళు ఒక్కరే, చెల్లెలు ఉత్పల. ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్ళ తేడా. తల్లి పోయాక ఉత్పలకు జడ వేసింది, లెక్కలు నేర్పింది, వైద్య కళాశాలలో చేర్పించింది మందాకినే. చదువైపోయాక ఆ పిల్ల పట్నంలో ఉద్యోగం వెతుక్కుంటుందనుకుంటే, కొండల్లో కొత్తమెట్ట అనే చిన్న ఊళ్ళో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చేరింది. నెలకోసారి అక్క దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా పసుపు కొమ్ములో, కొండచీపురో పట్టుకొచ్చేది. స్నానం చేసి, తిని, మర్నాడంతా నిద్రపోయేది.

విమానాలు నడవడం మొదలైన ఏడాదికి, ఒక శనివారం, మధ్యాహ్నానికి రావలసిన ఉత్పల పొద్దు వాలాక వచ్చింది.

"ఏమే, ఇంత ఆలస్యం? పప్పు రెండుసార్లు వేడి చేశాను," అంది మందాకిని.

"బస్సు ఎక్కడా ఆగలేదక్కా. ఓసారి నిద్రపోయి లేచాను, మళ్ళీ నిద్రపోయి లేచాను, అయినా బస్సు ఘాట్ రోడ్డు దిగలేదు." ఉత్పల కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చుంది. "మీవాళ్ళు హైదరాబాదుకి ఎనిమిది నిమిషాల్లో వెళ్ళిపోతున్నారు. మా కొండోళ్ళు పక్కూరి సంతకి వెళ్ళేసరికి సంత అయిపోతోంది."

"అదేమిటి?"

"చెప్తే నవ్వుతావు."

"చెప్పు, నవ్వను."

"మా దారి పెరుగుతోందక్కా."

మందాకిని నవ్వింది. ఉత్పల నవ్వలేదు.

"పనసగూడ నుంచి మా ఆసుపత్రికి జీపులో ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు గంట కావస్తోంది. డీజిలు ఎక్కడికి పోతోందో తెలీక మా డ్రైవర్ బాలన్న తల పట్టుకుంటున్నాడు."

"వానలకి రోడ్డు పాడైపోయి ఉంటుంది."

"పాడైతే గోతులు పడతాయి. ఇవి గోతులు కావు. నేనే దిగి నడిచి చూశాను. రెండు రాళ్ళ మధ్య ఎడం పెరిగింది. తారు సాగదీసినట్టు పల్చబడి తెగిపోయింది. తెగిన చోట బూడిదరంగు నేల బయటపడింది. అందులో గడ్డిపోచ కూడా మొలవట్లేదు. ఊళ్ళోవాళ్ళు ఆ నేల మీద అడుగు పెట్టేటప్పుడు చెప్పులు విప్పేస్తున్నారు. భయం వాళ్ళకి."

అన్నం కలుపుతున్న మందాకిని చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు మళ్ళీ ఆమె నవ్వలేదు.

మరుసటి వారం సెలవు పెట్టి, కొన్ని పరికరాలు జీపులో వేసుకుని ఆమె కొత్తమెట్ట వెళ్ళింది. బాలన్న, ఉత్పల ఆమెను పనసగూడ దారిలోకి తీసుకుపోయారు. మధ్యలో ఒక గట్టు వస్తుంది. గట్టు మీద నిలబడితే ఇటు పనసగూడ ఇళ్ళు, అటు కొత్తమెట్ట ఆసుపత్రి రేకుల కప్పు, రెండూ కనిపించేవట. ఇప్పుడు ఆసుపత్రి వైపు మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు.

గట్టు దిగి తిరిగి ఆసుపత్రి వైపు వచ్చాక ఒక మలుపు దగ్గర మందాకిని పరికరాన్ని నేల వైపు తిప్పి పెట్టింది. బాలన్నను ముందుకు నడిచి, కల్వర్టు గోడ పక్కన నిలబడమంది. అతను నిలబడి చెయ్యి ఊపాడు. నడిస్తే అర నిమిషం దూరం. హైదరాబాదు విమానం బయలుదేరే వేళ దగ్గర పడింది. ముగ్గురూ ఎదురుచూశారు. ఆకాశంలో ఏ చప్పుడూ లేదు. పరికరంలో ముల్లు ఒక్కసారిగా చివరికి వెళ్ళి ఆగింది.

"అమ్మా!" అని బాలన్న అరిచాడు.

అతను కదలలేదు. కల్వర్టు గోడా కదలలేదు. అయినా రెండూ దూరమైపోయాయి. అతని గొంతు సన్నబడిపోయింది. మధ్యలో బూడిదరంగు నేల, అంతకు ముందు లేనిది, చడీచప్పుడూ లేకుండా పరుచుకుని ఉంది. ఉత్పల అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది మీదేనా అక్కా?"

"మాదే," అంది మందాకిని.

భూషణరావుగారు ఆమె తెచ్చిన కొలతలన్నీ రెండుసార్లు చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఆమె గురువు కూడా. ఆమెను తిట్టలేదు, కొలతలు తప్పనలేదు.

"ఒక్కో విమానానికి ఎంత?" అని అడిగారు.

"మొదట్లో జానెడు పెరిగి ఉంటుంది సార్. ముడత పడ్డ చోటే మళ్ళీ పడుతోంది. ఇప్పుడు ఒక్కోదానికి ఒక వీధంత పెరుగుతోంది. ఇంకా పెరుగుతుంది. ఆపేద్దాం."

"ఆపడం ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. కానీ పోయిన నెలలో మన మార్గం మీదుగా ఎన్ని గుండెలు, ఎన్ని కాలేయాలు వచ్చాయో నీకు తెలుసు. హైదరాబాదులో చనిపోయినవాళ్ళ గుండె ఇక్కడివాళ్ళకి పనికొస్తోందంటే ఈ మార్గం వల్లే. ఆపేస్తే వాళ్ళకేం చెప్తావు?"

"కింద ఉన్నవాళ్ళకేం చెప్తాం సార్?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. "నెల రోజులు ఆగు. ముడతను పైకి తిప్పగలమేమో చూద్దాం. ఈలోగా ప్రయాణికుల విమానాలు సగానికి తగ్గిస్తాను. నా మాట విను."

ఆమె విన్నది. ముడతను పైకి తిప్పగలనని ఆమెకూ నమ్మకం ఉంది. రాత్రింబగళ్ళు లెక్కలు వేసింది. ఆ మలుపు దగ్గర పరికరాలను శాశ్వతంగా పెట్టించి, గట్టుకూ ఆసుపత్రికీ మధ్య దూరం ఎప్పటికప్పుడు తన తెర మీద కనబడేలా చేసుకుంది. పూర్వం ఆ దూరం ఆరు కిలోమీటర్లు. తెర మీద పదిహేను దాటింది.

ఉత్పల ఫోను చేసినప్పుడల్లా "ఎంతవరకూ వచ్చిందక్కా?" అని అడిగేది. "వస్తోంది," అనేది మందాకిని. ఉత్పల తన పని తాను మార్చుకుంది. రోగులు ఆసుపత్రికి రాలేకపోతున్నారని తనే ఊళ్ళకు పోవడం మొదలుపెట్టింది.

ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఒక మధ్యాహ్నం మందాకిని నియంత్రణ గదిలో ఉంది. భూషణరావుగారు ఢిల్లీ వెళ్ళడంతో స్తంభాల బాధ్యత ఆమెదే. ఫోను మోగింది. ఉత్పల పేరు చూసి తీసింది.

"అక్కా, కంగారుపడకు. పాము కరిచింది."

"ఎక్కడ? ఎక్కడున్నావు?"

"పనసగూడలో. పిల్లలకి టీకాలు వేసి అల్లం చేనుకి అడ్డంపడి వస్తున్నాను. నాగుపామే, నేను చూశాను. అక్కడ సిగ్నల్ లేదు. ఇప్పుడే గట్టు మీదికి వచ్చాం. జీపులో పడుకున్నాను. నర్సు పక్కనే ఉంది. మందు ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది. వాళ్ళకి ఫోన్ చేశాం, కాంపౌండరు మందు పట్టుకుని బండి మీద ఎదురొస్తున్నాడు." ఆమె రోగి గురించి చెబుతున్నట్టే చెబుతోంది. "కనురెప్పలు బరువెక్కుతున్నాయి. మింగడం కొంచెం కష్టంగా ఉంది. ఊపిరి బాగానే ఉంది. మీ విమానాలు కాసేపు ఆపగలవా?"

మందాకిని అప్పటికే చేత్తో సైగ చేసేసింది. రన్‌వే మీద ఉన్న హైదరాబాదు విమానాన్ని ఆపేశారు. దాని వెనక ఉన్నదాన్ని ఆపేశారు. అవతల స్తంభానికీ కబురు వెళ్ళింది. "ఆపేశానమ్మా. ఒక్కటి కూడా రాదు. నువ్వు మాట్లాడుతూ ఉండు."

తెర మీద దూరం పదిహేడు దగ్గర నిలిచింది. జీపు చుక్క నెమ్మదిగా కదులుతోంది. ఆ బూడిదరంగు నేల మీద చక్రాలు వేగంగా తిరగవు.

అప్పుడు హైదరాబాదు స్తంభం నుంచి పిలుపు వచ్చింది. అక్కడి అధికారి గొంతు తొందరగా ఉంది.

"మేడమ్, గుండె ఉన్న విమానం మార్గం ముందు తిరుగుతోంది. ఉత్తరాది నుంచి వచ్చింది, వాతావరణం బాగాలేక ఇప్పటికే చాలా ఆలస్యమైంది. మామూలు దారిన పంపితే గంట పైన పడుతుంది, ఆ గుండె ఇక పనికిరాదు. విశాఖ ఆసుపత్రిలో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ తెరిచి ఉంచారట. అనుమతి ఇవ్వండి."

మందాకిని ఫోను మీద చెయ్యి మూసింది. గదిలో పనిచేసేవాళ్ళందరూ ఆమె వైపు చూశారు. ఒక్క విమానం వెళితే ఆ మలుపు దగ్గర దారి వీధంత కాదు, ఇప్పుడు కిలోమీటర్ల కొద్దీ పెరుగుతుందని ఆమెకు తెలుసు. ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

"మేడమ్?"

బల్ల మీద పడుకున్న మనిషి ఎవరో ఆమెకు తెలియదు. ఆడో మగో కూడా తెలియదు. చెయ్యి తీసి, ఫోనులో చెల్లెలి ఊపిరి విన్నది. ఊపిరి ఆడుతోంది. కాంపౌండరు ఎదురొస్తున్నాడు. ఇంకా సమయం ఉంది, ఉంటుంది అనుకుంది. అలా అనుకోకపోతే ఆ మాట ఆమె నోట రాదు.

"పంపండి," అంది.

మీట ఎత్తారు. తెర మీద పదిహేడు చెరిగిపోయి ఇరవైరెండు వచ్చింది. ఫోనులో బాలన్న గొంతు వినబడింది, "అయ్యో అయ్యో, అమ్మా, దారి అవ్వట్నేదమ్మా! ఎదర మలుపు కనిపించీది, ఎల్లిపోనాది!"

"అక్కా," అంది ఉత్పల. మాట ముద్దగా వస్తోంది. "ఇంకెంతుంది? నీకు కనపడుతుంది కదా."

మందాకిని తెర వైపు చూసింది.

"దగ్గరే నాన్నా. వచ్చేశావు."

"నిద్రొస్తోంది."

"నిద్రపోకు. చిన్నప్పుడు నీకు జడ వేస్తుంటే ఎప్పుడూ నిద్రపోయేదానివి, గుర్తుందా? తల వెనక్కి వాల్చేసేదానివి. నేను దువ్వెనతో ఒక్కటి పెట్టేదాన్ని. మాట్లాడు. ఉత్పలా, ఏదో ఒకటి మాట్లాడు."

ఏదో అనబోయిన చప్పుడు వచ్చింది. మాట కాలేదు. తరువాత నర్సు గొంతు, లెక్క పెడుతూ గాలి సంచీ నొక్కుతున్న చప్పుడు, జీపు మోత. అది చాలాసేపు సాగింది. కాంపౌండరు మందు పెట్టెతో వాళ్ళను చేరుకునేసరికి నర్సు చేతులు ఆగిపోయి ఉన్నాయి.

అప్పటికి విశాఖ విమానాశ్రయంలో గుండె దిగి చాలాసేపైంది. పోలీసులు దారి ఖాళీ చేయించిన వీధుల గుండా ఆసుపత్రికి చేరింది. సాయంత్రానికి ఆ గుండె మరో మనిషి ఛాతీలో కొట్టుకుంది.

ఉత్పలను కొత్తమెట్టలోనే దహనం చేశారు. కొండల్లోని ఊళ్ళ నుంచి జనం వచ్చారు. చాలామంది అంత దూరం నడిచి వచ్చేసరికి చితి చల్లారిపోయింది. వాళ్ళు ఆ బూడిద చుట్టూ కూర్చుని వెళ్ళిపోయారు.

మూడు వారాల తరువాత పరిశోధనశాల గేటు దగ్గర ఒక ఆడమనిషి మందాకిని కోసం పొద్దుటి నుంచీ కూర్చుని ఉందని కాపలావాళ్ళు చెప్పారు. ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. నూలు చీర, మెడలో పసుపుతాడు. చేతిలో పెద్ద స్టీలు డబ్బా. మందాకినిని చూడగానే లేచి కాళ్ళ మీద పడబోయింది.

"అమ్మా, తవరేనా మందాకినమ్మగారు? నా పేరు నూకరత్నమమ్మా. మాది భీమిలి కాడ, సముద్రం మీద వేటకెల్లీవోళ్ళం. మా యింటాయనకి గుండి మార్సినారు. డాట్రుగారు సెప్పినారు, తవరు అవునంటేనే ఆ ఇమానం ఒచ్చిందంట. తవరి సలవ వొల్ల బతికీసినాడమ్మా."

ఆ మనిషి డబ్బా మూత తీసి చూపించింది. డబ్బాలో మెత్తళ్ళు, ఎండబెట్టిన చిన్న చేపలు ఉన్నాయి. నూకరత్నం ఆమె చెయ్యి వదలలేదు. ఆసుపత్రి దగ్గరే కదా, ఒక్కసారి వచ్చి ఆయనను చూసి వెళ్ళమని బతిమాలింది. కాదనలేక మందాకిని వెళ్ళింది.

ఎర్రయ్య అని, ముప్పై అయిదేళ్ళు దాటిన మనిషి. బక్కచిక్కి ఉన్నాడు. ఆమెను చూసి సిగ్గుపడుతూ లేవబోయాడు. "లెగకయ్యా," అంది నూకరత్నం. మందాకిని వైపు తిరిగి, "సెయ్యెట్టి సూడమ్మా, ఎంత గెట్టిగా కొట్టుకుంటందో," అని ఆమె చేతిని అతని ఛాతీ దగ్గరికి తీసుకుపోయింది.

మందాకిని చెయ్యి వెనక్కి లాక్కుంది. చాలా గట్టిగా లాక్కుంది. ఎర్రయ్య తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకుని తల దించుకున్నాడు. "పని ఉంది, వెళ్తాను," అని ఆమె బయటికి వచ్చేసింది. మెట్ల మీద కూర్చుంది. బతికి ఉన్నందుకు ఒక మనిషి మీద తనకు కోపం వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ కోపం తప్పని తెలుసు. తెలిసినా అది పోలేదు.

ఆ రోజే ఆమె తెగించింది. విలేకరులను పిలిచి, జరిగినదంతా దాచకుండా చెప్పింది. లెక్క తనదని, కిందికి చూడనిది తానేనని, తెలిశాక కూడా నెల రోజులు ఆగినది తానేనని చెప్పింది. చెల్లెలి సంగతీ, ఆ గుండె సంగతీ చెప్పింది. భూషణరావుగారు అప్పుడే వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అందరూ ఆయన ఖండిస్తారనుకున్నారు.

"ఆ అమ్మాయి చెప్పినదంతా నిజం," అన్నారు. "ఆగమన్నది నేను. ఆమె పేరు రాస్తే, నా పేరు పైన రాయండి."

ఆ వారమే మార్గం మూసేశారు. ఆయన రాజీనామా చేశారు. విమాన ప్రయాణం మళ్ళీ గంటకు పైగా పట్టడం మొదలైంది. కొన్నాళ్ళు జనం విసుక్కున్నారు, తరువాత అలవాటు పడ్డారు.

కొండల్లో దారి మాత్రం తగ్గలేదు. మార్గాన్ని మూసేస్తే పెరగడం ఆగుతుంది తప్ప, కిందికి జారిన దూరం దానంతట అది తిరిగి రాదు. పరిశోధనశాలలో మిగిలినవాళ్ళతో కలిసి మందాకిని ఒక ఏడాది పనిచేసింది. చివరికి తేలింది ఒకటే. స్తంభాలను తిరగేసి నడపాలి. అప్పుడు ఆకాశంలో దూరం పెరుగుతుంది. పెరిగినంతా కింది దారిలోంచే వస్తుంది. కానీ ఆ దూరాన్ని ఒక విమానం నిజంగా ఎగిరి దాటాలి, దాటినదే పైన నిలుస్తుంది. విశాఖ నుంచి హైదరాబాదుకు నాలుగు గంటల ప్రయాణం అవుతుంది. విమానం తేలిగ్గా ఉంటే ముడత పట్టు వదలదు కాబట్టి మనుషులతో నిండుగా వెళ్ళాలి.

"గంటలో వెళ్ళే చోటికి నాలుగు గంటల విమానం ఎవరు ఎక్కుతారు?" అని అధికారులు అడిగారు. వారానికి ఒక చిన్న విమానానికి అనుమతి మాత్రం ఇచ్చారు.

మొదటి రోజు ఆమె విమానాశ్రయానికి వెళ్ళేసరికి వరుసలో కొద్దిమందే ఉన్నారు. పరిశోధనశాలవాళ్ళు కొందరు, భూషణరావుగారు, ఆయన భార్య. వాళ్ళ వెనక ఎన్నడూ విమానం ఎక్కని పాతిక మంది ఆడవాళ్ళు, మగవాళ్ళు బెరుకుగా నిలబడి ఉన్నారు. ముందు నూకరత్నం.

మందాకిని దగ్గరికి వెళ్ళింది. "నువ్వెందుకు వచ్చావమ్మా?"

"టీవీలో సూసినానమ్మా. తవరి సెల్లెలుగారి సంగతి మాకాడ అప్పుడు సెప్పనేదు తవరు." నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "మా పేటోళ్ళని లాక్కొచ్చినాను. ఆయన్ని డాట్రుగారు ఎక్కొద్దన్నారు, నేకపోతే ఆయనా వొచ్చును."

"నాలుగు గంటలు పడుతుంది. కదలకుండా కూర్చోవాలి."

"కూకోడమే గదమ్మా పని. కూకుంటాం."

మందాకిని ఆమెను దగ్గరికి తీసుకుంది. ఆనాడు ఆసుపత్రిలో చెయ్యి లాక్కున్నందుకు క్షమించమని అడగాలనుకుంది. నూకరత్నం ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆ చిన్న విమానంలో సీట్లన్నీ నిండి, అది బయలుదేరింది. కొండల మీదికి వచ్చాక ఆకాశం సాగడం మొదలైంది. కిటికీలో ఒకే కొండ ఎంతసేపటికీ వెనక్కి పోలేదు. పిల్లతల్లులు నిద్రపోయారు. ఎవరో చిన్నగా పాట అందుకున్నారు. భూషణరావుగారు కిటికీలోంచి ఒక్కసారి కూడా తల తిప్పకుండా కిందికే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం బాలన్న ఫోను చేశాడు. దారి కొంచెం తగ్గిందని, తగ్గిన చోట బూడిదరంగు నేల కనిపించడం లేదని, తారు ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నాయని చెప్పాడు.

తరువాతి వారం ఇంకొందరు వచ్చారు. కాలేజీ పిల్లలు వచ్చారు. ఎప్పుడో ఎనిమిది నిమిషాల్లో వెళ్ళి చప్పట్లు కొట్టినవాళ్ళూ కొందరు వచ్చారు. కొన్ని వారాలు విమానం నిండేది కాదు, ఆ వారం దారి తగ్గేది కాదు. అలా రెండేళ్ళు పట్టింది.

ఆఖరి విమానం దిగిన మర్నాడు మందాకిని కొత్తమెట్ట వెళ్ళింది. ఉత్పల పోయాక ఆ దారిలో ఆమె మళ్ళీ అడుగు పెట్టలేదు. బాలన్న ఆసుపత్రి జీపు తెచ్చాడు. పనసగూడ నుంచి బయలుదేరారు. మబ్బు పట్టి ఉంది గాని వాన లేదు. అల్లం చేలు దాటారు, గట్టు ఎక్కారు. గట్టు మీద అతను జీపు ఆపి అటువైపు చూపించాడు. ఆసుపత్రి రేకుల కప్పు స్పష్టంగా కనిపిస్తోంది.

"బాలన్నా, ఆ రోజు కాంపౌండరు మిమ్మల్ని కలుసుకున్న చోటు వస్తే చెప్పు," అంది.

అతను తల ఊపాడు. కొంతసేపు నడిపాడు. ఒక మలుపు ముందు జీపు ఆపి, ఇంజను కట్టేశాడు.

"ఇక్కడేనమ్మా."

ఆమె దిగింది. మామూలు రోడ్డు. పక్కన తుప్పలు, నీళ్ళు పారుతున్న చిన్న కల్వర్టు. ఏ గుర్తూ లేదు. అప్పుడు ఆమెకు చప్పుళ్ళు వినిపించాయి. ఎవరో బోరింగు కొడుతున్నారు. ఒక పసిబిడ్డ ఏడుస్తోంది, తల్లి సముదాయిస్తోంది. ఒక గొంతు వరుసగా పేర్లు పిలుస్తోంది.

"అవి ఎక్కడివి బాలన్నా?"

"ఆస్పత్రివమ్మా." బాలన్న ఆమె వైపు చూడలేదు. స్టీరింగు మీద తల ఆనించాడు. "ఈ మలుపు తిరిగితే ఆస్పత్రేనమ్మా."

"ఇంత దగ్గరా?"

అతని భుజాలు కదులుతున్నాయి.

మందాకిని ఒంటరిగా నడక మొదలుపెట్టింది. మలుపు దగ్గర కళ్ళలో నీళ్ళు నిండి దారి కనిపించకుండా పోయింది. చీర చెంగు అందుకుని కళ్ళు తుడుచుకునేలోపే గేటు వచ్చేసింది.